ఫోరస్ రోడ్డు తెలుగువారును అర్థశాస్త్ర పరిశోధనయు

ఫోరస్ రోడ్డను పేరునకు మూలము ఒక శిస్తు. పోర్చుగీసు భాషలో 'ఫోరో' యనగా భూమి ననుభవించువాడు దొరకు ఏటేట చెల్లించు స్వల్పమైన కట్టుబడి. 18వ శతాబ్ది చివరి భాగమున, గవర్నరు హార్న్‌బీ పేరిట ప్రసిద్ధికెక్కిన అడ్డుకట్ట మహాలక్ష్మికిని వర్లీకిని నడుమ సముద్రపు పోటును నిలిపివేసిన పిదప, ఉప్పునీట మునిగి తేలుచుండిన పల్లపు నేలలు బయల్పడెను. వానిని సాగునకు తెచ్చుటకై కుంఫిణీవారు తక్కువ శిస్తుపై రైతుల కొసగిరి. అవియే ఫోరస్ భూములు. వాని మీదుగా సాగిన బాటలు ఫోరస్ రోడ్లు. 1851వ సంవత్సరపు 6వ చట్టముతో ఆ భూముల ననుభవించుచున్నవారి హక్కులు స్థిరపడెను. ఆ బాటలలో ఒకటి ఆ పేరుతోనే నిలిచినది. నగరపాలకులు దానిని ఆర్. ఎస్. నింకర్ మార్గమని మార్చినను, కామాటిపురమున పుట్టి పెరిగినవారి నోట అది ఫోరస్ రోడ్డే.

అర్థశాస్త్రమున డాక్టరేటు పట్టమునకై పరిశోధన చేయగోరు మన యువకులు, యువతులు నాబోటి తెలుగు ఉపాధ్యాయుని కడకు వచ్చి, 'ఏ విషయము తీసికొనవలెను, ఎవరి పర్యవేక్షణలో చేయవలెను' అని యడుగుట అరుదైనను లేకపోలేదు. వారికి చెప్పదగిన సమాధానము చరిత్రలో నున్నది. గడచిన నూరేండ్లలో ఈ నగరపు శ్రామికులను గూర్చి, అందు మనవారిని గూర్చి, పరిశోధకులు వ్రాసినది చాల కలదు. మనవారు తమ్ము గూర్చి వ్రాసికొన్నది స్వల్పము. ఇట్లేల జరిగెనో విచారించినచో, ఇక ముందు చేయవలసినదేదియో దానంతట తెలియును.

ముందుగా మన పేరును చూతము. 'కామాటి' తెలుగు మాట. పార పట్టి మట్టిపని, కట్టడపు పని చేయు కూలివానికి పేరు. నిజాము రాజ్యపు తెలుగు జిల్లాలనుండి 18వ శతాబ్ది చివరినుండియు బొంబాయికి వచ్చి, నేలలు పూడ్చి, గోడలు కట్టినవారిని ఈ నగరము ఆ మాటతో పిలిచినది. పని పేరు పేటకు పేరైనది. పేట పేరు కులము పేరువలె మారినది. అంతటితో ఆగక, అది ఒక భాషకును పేరైనది! గ్రియర్సను సంపాదకత్వమున వెలువడిన భారత భాషా పరిశీలనము నాలుగవ సంపుటము, 1906లో, బొంబాయిలోను చుట్టుపట్లను ఇటుకపనివారు మాటాడు తెలుగును 'కామాఠీ' యను పేరుతో ప్రత్యేక మాండలికముగా లెక్కించెను. అందే చాందా జిల్లా సాలెవారి తెలుగు 'సాలేవారీ'. భాషాశాస్త్రమున నిది తప్పని నేననను. కాని అర్థశాస్త్ర విద్యార్థి జాగ్రత్త పడవలసిన చోటిది. పని, కులము, పేట, భాష, ఈ నాలుగింటికిని ఒకే పేరున్న ప్రజలను పట్టికలలో వెదకువాడు ఒకేవానిని రెండుమార్లు లెక్కించుటయో, అసలు విడిచిపెట్టుటయో జరుగును.

జన్మస్థానపు పట్టికలలో చిక్కు ఇంకను ఎక్కువ. 1956కు పూర్వపు జనగణనలలో మనవారిలో పెక్కుమంది పుట్టిన చోటు 'హైదరాబాదు'. ఆ సంస్థానమున తెలుగు జిల్లాలతోపాటు మరాఠీ జిల్లాలును కన్నడ జిల్లాలును ఉండెను గనుక, ఆ యంకెనుబట్టి తెలుగువారెందరో చెప్పలేము. 1961 మొదలు 2011 వరకు జరిగిన గణనలలో అదే కరీంనగరు మనిషి 'ఆంధ్రప్రదేశ్' వాడయ్యెను. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినది గనుక, తరువాతి గణనలో అతని మనుమడు మూడవ పేరుక్రింద చేరును. ఒక్క చాల్‌లోని ఒక్క గది, మూడు గడులలో! వలసను గూర్చి పరిశోధించువారు ముందు తేల్చుకొనవలసిన సంగతి యిది.

ఈ పేటలో కూలివారు మాత్రమే యుండిరనుకొనుటయు పొరపాటు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున కట్టడపు కంట్రాక్టులవలన ధనవంతులైన తెలుగువారు ఇచట నుండిరి. జ్యోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, నర్సింగరావు సాయబు వడ్నాల, జాయా కరాడి లింగు, వ్యంకు బాళూజీ కాళేవార్ ముఖ్యులు. ఈ పేర్లు మనకు తెలుగు గ్రంథములద్వారా గాక, మరాఠీ గ్రంథములద్వారాను, 1985లో వెలువడిన రోజలిండ్ ఓహాన్లన్ అను ఆంగ్ల విదుషి గ్రంథముద్వారాను తెలియవచ్చుచున్నవి. ఆమెకు మనము కృతజ్ఞులము. ఐనను ఆమె దృష్టి కులము, భావజాలము మీద నున్నది. ఈ కంట్రాక్టుదారులకు పెట్టుబడి ఎచటినుండి వచ్చెను, కూలివారిని ఊళ్లనుండి ఎట్లు రప్పించిరి, వారికి అడ్వాన్సు లెట్లిచ్చిరి, ఆ ధనము మూడవ తరమువరకు నిలిచెనా యనునవి అర్థశాస్త్రపు ప్రశ్నలు. అవి ఇంకను ప్రశ్నలుగనే యున్నవి.

ఇక విశ్వవిద్యాలయపు మాట. బొంబాయి విశ్వవిద్యాలయమున ఆర్థిక, సామాజిక శాస్త్రముల పరిశోధనకు ప్రత్యేక విద్యాలయము 1919లో నెలకొల్పబడెను. సామాజిక శాస్త్రమునకు పాట్రిక్ గెడ్డెస్ మొదటి ఆచార్యులు. అర్థశాస్త్రమున మొదట కె. టి. షా, తరువాత చిరకాలము సి. ఎన్. వకీల్ మహాశయులు పర్యవేక్షకులు. పర్యవేక్షకుని యభిరుచియే విద్యార్థి విషయమగుట ఎల్ల విద్యాలయములందును ఉన్నదే. షా, ఖంబాటా కలిసి 1924లో వ్రాసినది భారతదేశ సంపద, పన్ను చెల్లింపగల శక్తి. అదే యేట వకీల్ గ్రంథము ప్రభుత్వ ఆదాయవ్యయముల పరిణామము. 1927లో వకీల్, మురంజన్ కలిసి వ్రాసినది నాణెములు, ధరలు. వారి శిష్యుడైన వి. కె. ఆర్. వి. రావు 1931లో ప్రకటించినది ఆదాయపు పన్ను. ఆనాటి దేశపరిస్థితి నాలోచించిన నిందు వింతలేదు. రూపాయి మారకపు రేటు, హోము చార్జీలు, సుంకములు, ఇవియే తెల్లదొరలతో వాదింపవలసిన విషయములు. దేశమంతటి బొక్కసమును లెక్కపెట్టుచున్న పెద్దలకు ఫోరస్ రోడ్డు చాల్‌లోని వంటింటి లెక్క చిన్నదిగా తోచియుండును.

ఆ విద్యాలయముననే మరియొక వైపున జి. ఎస్. ఘుర్యే మహాశయులు సామాజిక శాస్త్రము నడపిరి. వారి శిష్యులు కులములను, తెగలను, పేటలను పరిశీలించిరి. 1938లో జి. ఆర్. ప్రధాన్ ప్రకటించిన 'బొంబాయి నగరపు అస్పృశ్య శ్రామికులు' అను పరిశోధన ఆ శాఖది. అనగా, ధనము ఒక శాఖకు, మనిషి మరియొక శాఖకు పంచబడిరి. కూలి చేసి, చీటీ కట్టి, ఊరికి డబ్బు పంపు తెలుగు కామాటి ఈ రెండింటి నడుమ నుండెను. అతడు ధనము విషయమున మిక్కిలి చిన్నవాడు. కులము విషయమున ఒక కులమువాడే కాడు, పలు కులముల సమూహము. నా యభిప్రాయమున మనవారు పరిశోధనలకు అందకుండుటకు మొదటి కారణమిది; అలక్ష్యముకంటె ఈ శాఖాభేదమే ఎక్కువ హాని చేసినది.

శ్రామికుల బ్రతుకులను కొలుచు పని ఆనాడు విశ్వవిద్యాలయమునకు వెలుపల జరిగెను. బొంబాయి ప్రభుత్వపు లేబరు ఆఫీసు 1921లో ఏర్పడి, ఫిండ్లే షిర్రాస్ పర్యవేక్షణలో శ్రామిక కుటుంబముల ఆదాయవ్యయములను సేకరించి 1923లో ప్రకటించెను. 1925లో బర్నెట్-హర్స్ట్ బొంబాయి శ్రామికుల పనిని, నివాసములను గూర్చి గ్రంథము వెలువరించెను. మనకు మరింత దగ్గరి సంగతి నాగపాడాది. అమెరికా మిషనరీయగు క్లిఫర్డ్ మాన్షార్ట్ నడపిన నాగపాడా నైబర్‌హుడ్ హౌసులో 1936లో సర్ దొరాబ్జీ టాటా సామాజిక సేవా విద్యాలయము ప్రారంభమయ్యెను. నేడు దేవనారున నున్న టాటా సామాజిక శాస్త్ర సంస్థ అదియే. ఫోరస్ రోడ్డునుండి నాగపాడాకు నడిచి పోవచ్చును. దేశమున నీ విద్యకు మొదటి విద్యాలయము మన వాకిట పుట్టినది.

ఆ సంస్థ పెద్దదై, 1954లో దేవనారునకు తరలినది. 1962లో పుణేకర్, కమలారావు కలిసి బొంబాయి వేశ్యలను గూర్చిన పరిశీలనను ప్రకటించిరి. తరువాత విదేశీ విశ్వవిద్యాలయములనుండియు అట్టి గ్రంథములు వచ్చినవి: 2009లో అశ్వినీ తాంబే, 2014లో స్వాతి షా వ్రాసినవి అందు చెప్పదగినవి. ఆ పరిశోధనలు వలదని నేను చెప్పను. ఆ స్త్రీల కష్టము మన గోడకు ఆవలి కష్టము కాదు. స్వాతి షా ఆ స్త్రీలను వలస వచ్చిన శ్రామికులుగా, కూలి అడ్డాల నడుమ నుంచి చూచుట న్యాయముగా నున్నది. కాని ఫలితముగా ప్రపంచపు గ్రంథాలయములలో కామాటిపురమన్న మాటకు ఒకే యర్థము మిగిలినది. మా పాఠశాల విడిచి కళాశాలకు పోవు బాలిక తన చిరునామా వ్రాయుటకు సంకోచించి 'బైకుల్లా' యనియో 'ముంబయి సెంట్రల్' అనియో వ్రాయుట ఈ పేటవారందరు నెరిగినదే. తాపీపని, నేత, కుట్టుపని, బీడీ, చిన్న అంగడి, ఇన్ని జీవనోపాధుల చరిత్ర వ్రాయబడక పోవుటచేత ఆ బాలిక చెల్లించు మూల్యమది.

దీనికి మారుగా ఇంకొక సంప్రదాయము కలదు. దానికొరకు మదరాసునకు పోవలెను. మదరాసు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమునకు మొదటి ఆచార్యులుగా 1915లో వచ్చిన గిల్బర్ట్ స్లేటరు ఇంగ్లండునుండి తెచ్చిన సిద్ధాంతములను వల్లింపక, తన విద్యార్థుల చేతికి ప్రశ్నావళి నొసగి, సెలవులలో ఎవరి యూరికి వారు పోయి విచారించి రండని పంపెను. ఫలితము 1918లో వెలువడిన 'కొన్ని దక్షిణ భారత గ్రామములు'. తరువాతి తరమున పి. జె. థామస్, కె. సి. రామకృష్ణన్ ఆ గ్రామములనే మరల పరిశీలింపజేసి 1940లో ప్రకటించిరి. ఆచార్యుడు చేసిన గొప్పపని ప్రశ్న లిచ్చుట. ఊరిని తెలిసికొనుట విద్యార్థి వంతు. తన యూరి పాలేరు తనకేల అప్పుపడెనో అడుగుటకు విద్యార్థికి దుబాసీ యక్కర లేదు.

మనవారిలో ఈ మార్గమున నడచినవారు ఆచార్య ఎన్. జి. రంగా. గుంటూరు మండలపు రైతుబిడ్డ. ఆక్స్‌ఫర్డున అర్థశాస్త్రము చదివి వచ్చి, 1926లో డెల్టా గ్రామముల ఆర్థిక వ్యవస్థను, తరువాత చేనేతవారి స్థితిగతులను పరిశీలించిరి. దక్షిణదేశపు చేనేతను గూర్చిన వారి గ్రంథము 1930లో అచ్చయినది ఎచటననుకొందురు? ఈ బొంబాయిలోనే, తారాపూర్‌వాలా వారిచే! మన పద్మశాలీల మగ్గముల లెక్క ఈ నగరపు అంగళ్లలో పుస్తకమై అమ్ముడుపోయినది.

బొంబాయి తెలుగు నేతపనివారికి షోలాపురముతో చుట్టరికము, రాకపోకలు మెండు. అచటి పద్మశాలీలును తెలంగాణమునుండి పోయినవారే. 1930లో పుణేలో ఏర్పడిన గోఖలే అర్థశాస్త్ర సంస్థకు డి. ఆర్. గాడ్గీళ్ సంచాలకులు. వారి కేంబ్రిడ్జి పరిశోధనయే 1924లో వెలువడిన భారత పారిశ్రామిక పరిణామ గ్రంథము. వారు తమ సంస్థలో విద్యార్థులకు దగ్గరి ఊళ్లు, దగ్గరి వృత్తులు పంచి యిచ్చిరి. ఎన్. ఎం. జోషి 1936లో దక్కను పట్టణముల చేతివృత్తులను, ఆర్. జి. కాకడే 1947లో షోలాపురపు నేత కులములను గూర్చి ప్రకటించిరి. తెలుగు నేతవారి అప్పులు, కూలిరేట్లు, ఇంటిల్లిపాది శ్రమ కాకడే పుస్తకమున శ్రద్ధతో నమోదైనవి. మనవారి కింత మేలు చేసిన గ్రంథము మరాఠీ పరిశోధకునిది. పర్యవేక్షకునకు తెలుగు రాకపోయినను పని జరుగునని దీనివలన తెలియుచున్నది. పర్యవేక్షకుడు పద్ధతి నెరిగినవాడై, చిన్న విషయమును చిన్నచూపు చూడనివాడైన చాలును.

పర్యవేక్షకుడు శిష్యునితో ఏకీభవింపవలెనను నియమమును లేదు. పరేలు ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చాల్‌లో కాపురముండిన అంబేద్కర్ మహాశయుడు కొలంబియాలో సెలిగ్మను వద్ద ప్రభుత్వాదాయములను, లండనులో ఎడ్విన్ కానన్ వద్ద రూపాయి సమస్యను పరిశోధించెను. 1923లో అచ్చయిన ఆ రెండవ గ్రంథమునకు పీఠిక వ్రాయుచు కానన్, తాను శిష్యుని వాదములలో పెక్కింటి నంగీకరింపననియే చెప్పి, ఆ వాదనలోని చురుకుదనమును మెచ్చుకొనెను. పరిశోధనకు చేరబోవు మన పిల్లలు గురువును వెదకునప్పుడు ఈ పీఠికను జ్ఞప్తియందుంచుకొనవలెను. తన మాటకు తాళము వేయు శిష్యుని కోరు గురువుకంటె, తనతో వాదింపనిచ్చు గురువు మేలు.

తరువాతి కాలమున తెలుగువారు ఈ శాస్త్రమున వెనుకబడలేదు. కరీంనగరు ప్రాంతమున పుట్టిన సి. హెచ్. హనుమంతరావు ఢిల్లీలో డాక్టరేటు పొంది, ఆంధ్రప్రదేశములో వ్యవసాయ భూమిపై పన్నును గూర్చి 1966లో గ్రంథము ప్రకటించి, ప్రణాళికా సంఘ సభ్యులైరి. ఉస్మానియాలో డాక్టరేటు పొందిన వై. వి. రెడ్డి 2003నుండి 2008వరకును, ఆంధ్ర విశ్వవిద్యాలయపు డాక్టరేటు గల దువ్వూరి సుబ్బారావు 2008నుండి 2013వరకును రిజర్వుబ్యాంకు గవర్నర్లుగా ఈ నగరముననే పనిచేసిరి. ఆ బ్యాంకు 1987లో గోరేగాఁవున స్థాపించిన ఇందిరాగాంధీ పరిశోధన సంస్థకు రొక్కం రాధాకృష్ణ సంచాలకులుగా నుండిరి. మన జాతికి ఇది గర్వకారణము. ఐనను వీరెవ్వరును బొంబాయి చాళ్లలో చదివి వచ్చినవారు కారు.

కావున విషయము మన చాళ్లలో వెదకుట మంచిది. నా దృష్టికి మొదట వచ్చునది ఇల్లు. ఫోరస్ కట్టుబడితో మొదలైన ఈ నేలపై చాల్ లేచినది; 1947వ సంవత్సరపు అద్దెల చట్టము అద్దెను 1940 సెప్టెంబరునాటి ప్రమాణమున నిలిపినది; అద్దె నిలిచిపోగా పగిడీ పెరిగినది; మరమ్మతు లాగిపోయినవి; 1969 చట్టముతో మరమ్మతుల సెస్సు వచ్చినది; 1999లో కొత్త అద్దెల చట్టము వచ్చినది; ఇపుడు పునర్నిర్మాణపు మాట నడచుచున్నది. ఒకే గది నూరేండ్లలో ఎన్ని చేతులు మారినది, ఒక్కొక్కమారు పగిడీ ఎంత, ఆ డబ్బు ఊరిలో ఎవరి పొలము నమ్మగా వచ్చినది? ఈ లెక్క భవనములు కూలకముందే వ్రాసికొనవలెను. పాత చీట్లు, అద్దె రసీదులు ఇనుపపెట్టెల యడుగున నున్నవి. ఇల్లు మారునాడు మొదట పారవేయబడునవి అవియే.

రెండవది చీటీ. చాళ్లలో నెలనెల పాడుకొను చీటీలు, కులసంఘముల నిధులు, భజన మండలుల జమాఖర్చు పుస్తకములు తెలుగులో నున్నవి. బ్యాంకు గడప తొక్కని ఆడువారు ఏ వడ్డీకి, ఏ పూచీపై అప్పు పుట్టించుకొనిరో ఆ పుస్తకములే చెప్పగలవు. మేస్త్రీకిని కూలికిని గల లెక్క, పాలమూరునుండి వచ్చిన కట్టడపు కూలీల అడ్వాన్సులు, 1982 జనవరి 18న ఆరంభమైన మిల్లుల సమ్మె పిదప వర్లీ, పరేలు తెలుగు కార్మికులు ఏ పనులకు చెదిరిపోయిరో, గల్ఫు దేశములకు పోవువారికి ఈ చాళ్లు ఎట్లు మజిలీ యైనవో, ఇవియు ఒక్కొక్కటి ఒక్కొక్క పరిశోధనకు చాలును. మిల్లు కార్మికుల నోటి మాటలను నీరా అడార్కర్, మీనా మేనన్ 2004లో గ్రంథస్థము చేసిరి. ఆ పద్ధతిని తెలుగు నోళ్లకు వర్తింపజేయవచ్చును.

పర్యవేక్షణ విషయమున నేటి నియమములు తెలిసియుండుట మేలు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో చేసిన నిబంధనల ప్రకారము ఆచార్యుడు ఒక్కమారు 8 మందిని, సహాచార్యుడు 6 మందిని, సహాయాచార్యుడు 4గురిని మించి చేర్చుకొనరాదు. పదవీ విరమణకు 3 ఏండ్లలోపు గడువున్నవారు కొత్తవారిని తీసికొనరాదు. పని 3 ఏండ్లకు తక్కువ కారాదు. సాధారణముగా 6 ఏండ్లకు మించరాదు. స్త్రీలకు మరి 2 ఏండ్ల యవకాశము కలదు. ఎం. ఏ.లో నూటికి 55 మార్కులు కావలెను. వెనుకబడిన తరగతులు మొదలగువారికి 5 సడలింపు. మన పిల్లలలో అనేకులకు ఇది వర్తించును గనుక ఊరకయే నిరాశ పడనక్కరలేదు. వేరొక శాఖనుండియో సంస్థనుండియో సహ పర్యవేక్షకుని గ్రహించుటకును వీలున్నది. నా సలహా యేమనగా, కాలీనాలోని ముంబయి విశ్వవిద్యాలయపు అర్థశాస్త్ర శాఖలో ఒకరిని, దేవనారున సామాజిక శాస్త్రములవారిలో ఒకరిని కలుపుకొన ప్రయత్నింపవలెను. వకీల్, ఘుర్యేల నాడు పంచుకొనబడిన ధనమును మనిషిని మరల ఒకచోట చేర్చుట కది దారి.

ప్రశ్నావళి మాత్రము తెలుగులో నుండవలెను. ఇంగ్లీషున 'ఇన్‌కమ్' అని యడిగిన జీతము చెప్పుదురు. 'రాబడి' యన్నచో ఊరి కౌలు కూడ చెప్పుదురు. 'చేబదులు' వేరు, 'అప్పు' వేరు. చేబదులును మనవారు అప్పుగా లెక్కించరు. 'ఖాళీగా ఉన్నాడు' అన్నవాడు రోజూ నాకా మీద నిలబడి కూలికి ఎదురుచూచువాడు కావచ్చును. ఈ మాటల భేదము తెలిసిన విద్యార్థి అంకెలు వేరుగా వచ్చును.

చివరగా మా పాఠశాలల సంగతి. తెలుగు మాధ్యమపు తరగతులు ఏటేట తగ్గుచున్నవి. ప్రతి పాఠశాలలోను ప్రవేశపు రిజిస్టరు ఉండును. అందు బిడ్డ పేరు, పుట్టిన ఊరు, తండ్రి వృత్తి, చేరిన తేది, విడిచిన తేది, విడుచుటకు కారణము అను గడులుండును. పేర్లను బయట పెట్టక, తగిన యనుమతితో, ఆ గడులను మాత్రము వరుసగా చదివినచో, ఏ సంవత్సరమున నేతపని తగ్గి కుట్టుపని హెచ్చినదో, ఏ సమ్మె తరువాత ఎందరు 'స్వగ్రామమునకు పోయినందున' పేరు కొట్టివేయించుకొనిరో తెలియును. తరగతులు మూతపడినపుడు ఈ పుస్తకములు వేరొక భవనమునకు తరలిపోవును. పరిశోధన తలపెట్టినవారు ముందుగా వానిని చూచుట మంచిది.